డీఎన్‌ఏ ఒరిగామికి స్టేపుల్ ప్లేట్లు, ఎం13 స్కాఫోల్డ్: బరంపురం ల్యాబు లెక్కలో సమీక్ష

ఇక్కడ సమీక్షిస్తున్నవి రెండు సరుకులు. ఒకటి, మనం గీసి పంపిన డిజైన్ ప్రకారం వందల కొద్దీ చిన్న డీఎన్‌ఏ పోగులు (స్టేపుల్స్) తయారుచేసి 96 వెల్ ప్లేట్లలో, అంటే 96 గుంటల పలకల్లో, పంపే ఆర్డర్ సేవ. రెండోది, ఆ పోగులతో కలిసి మడత పడాల్సిన పొడవాటి పోగు (స్కాఫోల్డ్), అంటే ఎం13ఎంపీ18 సింగిల్ స్ట్రాండ్ డీఎన్‌ఏ ట్యూబు. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కాలేజీల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగు పిల్లలనూ వాళ్ల ల్యాబులు నడిపే మాస్టార్లనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. సరఫరాదారు పేరు రాయడం లేదు. ఈ సేవ ఎవరి దగ్గర తీసుకున్నా మంచిచెడ్డలు దాదాపు ఇవే.

తీర్పు ముందే చెప్పేస్తాం. స్టేపుల్ ప్లేట్లు నిస్సందేహంగా కొనదగ్గవి. అయితే అతి చిన్న స్కేలులో (తయారీ పరిమాణంలో), అదనపు శుద్ధి చేయించకుండా, ద్రవంగా కాకుండా ఎండబెట్టిన రూపంలో తీసుకోండి. స్కాఫోల్డ్ ట్యూబు నాణ్యత బాగుంటుంది, కానీ మొదటి కొన్ని ప్రయోగాలకు మించి దాని మీద ఆధారపడితే బడ్జెట్ మిగలదు. ఈ రంగంలోకి కొత్తగా దిగేవాళ్లు స్టేపుల్స్ ఖర్చు చూసి భయపడతారు. అది ఒక్కసారి పెట్టే ఖర్చు. నెలనెలా డబ్బు కరిగిపోయేది స్కాఫోల్డ్‌లో.

పద్ధతి సంగతి క్లుప్తంగా. డీఎన్‌ఏని జన్యు సమాచారంగా కాక కట్టుబడి సామగ్రిగా వాడవచ్చన్న ఆలోచనను నాడ్రియన్ సీమన్ 1982లో ప్రచురించారు. కాల్‌టెక్‌లో పాల్ రోత్‌మండ్ 2006లో దాన్ని ఎవరైనా చేయగలిగే పద్ధతిగా మార్చారు. ఎం13 అనే, బ్యాక్టీరియాను పట్టే వైరస్ నుంచి తీసిన 7,249 అక్షరాల (బేసుల) పొడవాటి వలయాకార పోగు తీసుకుని, దాని మీద వేర్వేరు చోట్ల అతుక్కునే రెండు వందలకు పైగా చిన్న పోగులు కలిపి, వేడిచేసి చల్లారిస్తే అది తనంతట తానే అనుకున్న ఆకారంలోకి మడత పడుతుంది. ఇదే డీఎన్‌ఏ ఒరిగామి. పొడవాటి పోగు స్కాఫోల్డ్, చిన్నవి స్టేపుల్స్. ఒక్కో స్టేపుల్ స్కాఫోల్డ్‌లో దూరదూరంగా ఉన్న రెండు మూడు చోట్లను పట్టి దగ్గరకు లాగుతుంది. బరంపురం పట్టుచీర అంచులో బుటా ఎక్కడ పడాలో నేతకు ముందే లెక్క కట్టి ఉన్నట్టు, ఏ స్టేపుల్ ఎక్కడ కూర్చోవాలో అక్షరాల వరసలోనే రాసి ఉంటుంది. మన దేశంలో ఈ దారిలో ముందు నడిచినవారు యమునా కృష్ణన్. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో ఆమె బృందం 2009లో బతికున్న కణం లోపల ఆమ్లత్వాన్ని కొలిచే డీఎన్‌ఏ పరికరాన్ని చూపించింది.

ఆర్డర్ కంటే ముందు డిజైన్. దీనికి వాడే సాఫ్ట్‌వేర్లు కాడ్‌నానో, స్కాడ్‌నానో రెండూ ఉచితం. స్కాడ్‌నానో బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు అదే సులువు. మొదటి ఆకారంగా ఒకే పొర దీర్ఘచతురస్రం ఎంచుకోండి: 24 హెలిక్స్‌లు (పక్కపక్కన పేర్చిన జంట పోగుల మెలికలు), సుమారు 70 నానోమీటర్ల వెడల్పు, 100 నానోమీటర్ల పొడవు. దీనికి ఒక్కో స్టేపుల్ 32 అక్షరాలు. మధ్యలో 16, అటు 8, ఇటు 8 చొప్పున మూడు హెలిక్స్‌లను పట్టుకుంటుంది. 7,249ని 32తో భాగిస్తే 226 స్టేపుల్స్, అంటే మూడు ప్లేట్లు, ఇంకా 62 వెల్స్ ఖాళీ.

డిజైన్‌లో కొత్తవాళ్లు వదిలేసేవి రెండున్నాయి. సహజ డీఎన్‌ఏ మెలిక ఒక చుట్టుకు సుమారు 10.5 అక్షరాలు. ఈ దీర్ఘచతురస్రంలో 32 అక్షరాలకు మూడు చుట్లు, అంటే చుట్టుకు 10.67 అక్షరాలు వస్తాయి. ఆ చిన్న తేడా పోగై ద్రావణంలో ఆకారం మొత్తం మెలి తిరుగుతుంది. క్రమమైన దూరాల్లో అక్కడక్కడ ఒక అక్షరం తీసేస్తే ఇది సరి అవుతుంది. రెండోది అంచుల సమస్య. అంచుల్లో హెలిక్స్ కొసలు మొండిగా తేలి ఉంటే ఒక ఆకారం కొస ఇంకో ఆకారం కొసకు అతుక్కుని గొలుసుగా పేరుకుంటాయి. అంచు స్టేపుల్స్ కొసలకు నాలుగు టీ అక్షరాలు అదనంగా చేర్చితే ఈ బాధ తప్పుతుంది. లేదా అంచు స్టేపుల్స్ పూర్తిగా మానేయవచ్చు. ఈ రెండూ సరిచూసుకున్నాకే ఆర్డర్ షీట్ తీయండి. ప్లేట్లు వచ్చాక దిద్దుబాటు అంటే మళ్లీ డబ్బు.

ఇక సేవలో మంచి ఏమిటంటే, అప్‌లోడ్ చేసిన స్ప్రెడ్‌షీట్‌ను వాళ్ల యంత్రాలు నేరుగా చదువుతాయి. 226 వరసల్లో ఒక్క అక్షరం కూడా మనిషి చేత్తో టైపు చేయడు. తప్పులన్నీ మన వైపు నుంచే వెళతాయి. అక్షరాలు 5 ప్రైమ్ నుంచి 3 ప్రైమ్ (పోగు రెండు కొసల పేర్లు ఇవి) దిశలోనే ఉండాలి. వరస చివర కనబడని ఖాళీ ఒక్కటి ఉన్నా కొన్ని సైట్లు ఆ వెల్‌ను తిరస్కరిస్తాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది వెల్స్ క్రమం. ఏ1, ఏ2, ఏ3 అని అడ్డంగా నింపాలా, ఏ1, బీ1, సీ1 అని నిలువుగా నింపాలా అన్నది ఫారంలో స్పష్టంగా రాయాలి. అన్ని స్టేపుల్స్ కలిపేసే దీర్ఘచతురస్రానికి ఇది పెద్దగా పట్టదు గానీ, రంగు అణువు అతికించే స్టేపుల్స్‌ను వేరుచేయాల్సి వచ్చినప్పుడు మొత్తం తారుమారవుతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వరసను అలాగే పంపొద్దు. మధ్య భాగం స్టేపుల్స్ మొదటి రెండు ప్లేట్లలో, అంచువి, మార్పులు చేయబోయేవి మూడో ప్లేట్లో విడి వరసల్లో పెట్టించండి. అప్పుడు మల్టీచానల్ పైపెట్‌తో పని నిమిషాల్లో అయిపోతుంది.

ధర అక్షరానికి లెక్క కడతారు. మొత్తం స్టేపుల్స్‌లో ఉన్నవి దాదాపు 7,200 అక్షరాలు. అంటే అక్షరానికి ఒక్క రూపాయి తేడా వచ్చినా బిల్లులో ఏడు వేల పైచిలుకు తేడా. కొటేషన్ ఇద్దరు ముగ్గురి దగ్గర తీసుకోవడం తప్పనిసరి. అక్కడే ఇంకో మాట అడుగుతారు: ప్రతి స్టేపుల్‌నూ హెచ్‌పీఎల్‌సీతో శుద్ధి చేయించాలా అని. అక్కర్లేదు. రసాయన సంశ్లేషణలో ఒక్కో అక్షరం చేరే సామర్థ్యం 99 శాతం అయితే 32 అక్షరాల పోగులో పూర్తి పొడవువి 73 శాతం. సామర్థ్యం 99.5 శాతం అయితే 86 శాతం. మిగతా పొట్టివాటిని ఒరిగామి తట్టుకుంటుంది, ఎందుకంటే స్టేపుల్స్‌ను స్కాఫోల్డ్ కంటే అయిదు నుంచి పది రెట్లు ఎక్కువ వేస్తాం. అదే 60 అక్షరాల పోగైతే ఆ లెక్కలు 55, 74 శాతానికి పడిపోతాయి. స్టేపుల్స్‌ను 50 అక్షరాల లోపే ఉంచమనడానికి కారణం ఇదే. బయోటిన్, ఫ్లోరోసెంట్ రంగు, థయాల్ లాంటివి అతికించిన కొద్దిపాటి పోగులకు మాత్రం శుద్ధికి డబ్బు పెట్టండి, వాటిని ప్లేట్లో కలపకుండా విడి ట్యూబుల్లో తెప్పించుకోండి.

పొడిగించిన కొస, అంటే హ్యాండిల్, స్టేపుల్‌కు ఏ చివర పెట్టాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. సంశ్లేషణ 3 ప్రైమ్ కొస దగ్గర మొదలై 5 ప్రైమ్ వైపు సాగుతుంది. మధ్యలో ఆగిన పొట్టి పోగులకు లేనిది 5 ప్రైమ్ కొస. హ్యాండిల్ ఆ కొసన పెడితే, హ్యాండిల్ లేని స్టేపుల్స్ కూడా ఆకారంలో చక్కగా కూర్చుంటాయి, మీరు అతికించాలనుకున్నది అక్కడ అతకదు. 3 ప్రైమ్ కొసన పెట్టండి. హ్యాండిల్స్‌ను మధ్య భాగంలో పెడితే ఇంకా మంచిది. స్టేపుల్స్ ఎంత శాతం సరిగా చేరుతున్నాయో 2018లో ఒక్కొక్కటిగా లెక్కించినప్పుడు అంచుల్లో 48 శాతం, మధ్యలో 95 శాతం దాకా తేలింది.

స్కేలు గురించి కాస్త నిలబడి ఆలోచించాలి, డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. వెల్‌కు 10 నానోమోల్స్ వచ్చిందనుకుందాం. 100 మైక్రోలీటర్ల బఫర్‌లో కరిగిస్తే గాఢత 100 మైక్రోమోలార్. ప్రతి వెల్ నుంచి 5 మైక్రోలీటర్ల చొప్పున 226 స్టేపుల్స్ కలిపితే 1,130 మైక్రోలీటర్ల మిశ్రమం వస్తుంది, అందులో ఒక్కోదాని గాఢత సుమారు 442 నానోమోలార్. 50 మైక్రోలీటర్ల ప్రయోగానికి ఈ మిశ్రమం 11.3 మైక్రోలీటర్లు చాలు. అంటే వెల్‌లోంచి 5 మైక్రోలీటర్లు తీస్తేనే 100 ప్రయోగాలు, పూర్తి వెల్‌తో 2,000 ప్రయోగాలు. మరి స్కాఫోల్డ్? మిల్లీలీటరుకు 250 మైక్రోగ్రాముల గాఢతతో 10 మైక్రోగ్రాముల ట్యూబు అంటే 40 మైక్రోలీటర్లు. ప్రయోగానికి 5 చొప్పున వాడితే ఎనిమిది ప్రయోగాలకే ఖాళీ. రెండు వేలు ఒక వైపు, ఎనిమిది ఇంకో వైపు. పెద్ద స్కేలు స్టేపుల్స్ అమ్మజూపితే ఈ రెండు అంకెలు గుర్తు తెచ్చుకుని వద్దనండి.

ప్లేట్ ఎండు రూపంలోనే ఎందుకంటే, మన వైపు వాతావరణం వల్ల. ఎండబెట్టిన డీఎన్‌ఏకి కొరియర్ బండిలో వేడి తగిలినా ఏమీ కాదు. ద్రవంగా వచ్చే ప్లేట్లలో అంచు వెల్స్ ఎక్కువ ఆవిరవుతాయి, ఆవిరి మూత ఫిల్ము లోపలి వైపు చుక్కలుగా పేరుకుంటుంది, ఫిల్ము లాగేటప్పుడు ఆ చుక్క పక్క వెల్‌లో పడుతుంది. ఆవిరై గాఢత కాస్త పెరగడం పెద్ద ప్రమాదం కాదు. ఒక వెల్ చుక్క పక్క వెల్‌లో పడితేనే దిద్దలేం. ఆర్డర్లో స్పష్టంగా రాయండి: ప్రతి వెల్‌లో పరిమాణం సమానం చేసి, ఆ తర్వాత ఎండబెట్టి పంపమని. సమానం చేయకుండా ఎండబెడితే వెల్ వెల్‌కూ వేరే పరిమాణంలో బఫర్ పోయాల్సి వస్తుంది, మూడు ప్లేట్లకు అది ఒక పూట పని.

ఎండు ప్లేట్ అందగానే తెరవొద్దు. ఎండిన ముద్ద తేలిక, ఫిల్ముకు అంటుకుని ఎగిరిపోగలదు. సెంట్రిఫ్యూజ్‌లో 1,000 జీ వేగంతో రెండు నిమిషాలు స్పిన్ చేసి, నెమ్మదిగా ఫిల్ము తీసి, బఫర్ పోసి, కొత్త ఫిల్ము వేసి, అరగంట గది వేడిలో ఉంచి, మళ్లీ స్పిన్ చేయండి. ఫ్రీజర్లోంచి తీసిన ప్లేట్ విషయంలో గోపాల్‌పూర్ తీరపు తేమను మరిచిపోకూడదు. చల్లటి ప్లేట్ బయట పెట్టగానే పైన నీరు పడుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగి, తుడిచి, స్పిన్ చేసి, అప్పుడే తెరవాలి. నాలుగైదు వెల్స్ గాఢత సరిచూడండి. 32 అక్షరాల పోగు 100 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము, 260 నానోమీటర్ల దగ్గర శోషణ 30 చుట్టూ రావాలి. యంత్రంలో సింగిల్ స్ట్రాండ్ అమరిక, అంటే 33 గుణకం, ఎంచుకున్నారో లేదో చూసుకోండి. మామూలుగా డబుల్ స్ట్రాండ్ 50 మీద ఉంటుంది, అంకె యాభై శాతం ఎక్కువ చూపిస్తుంది.

ఒకటి రెండు వెల్స్ ఖాళీగా వచ్చినా కంగారు పడనక్కర్లేదు. 226లో విడివిడిగా ఒకటి రెండు లేకపోతే ఆకారం నిలబడుతుంది. పక్కపక్కనే నాలుగైదు లేకపోతే అక్కడ చిల్లు పడుతుంది. ఫిర్యాదు చేస్తే ఆ వెల్స్ వరకు మళ్లీ తయారుచేసి పంపడం ఈ సేవల్లో మామూలే, ముందుగా ప్లేట్ ఫోటో, శోషణ అంకెలు సిద్ధంగా పెట్టుకోండి.

స్కాఫోల్డ్ ట్యూబు కొనేటప్పుడు పేరు రెండుసార్లు చదవండి. ఎం13ఎంపీ18 రెండు రూపాల్లో అమ్ముతారు. సింగిల్ స్ట్రాండ్ ఒకటి, ఆర్‌ఎఫ్ వన్ అనే డబుల్ స్ట్రాండ్ ఇంకొకటి. క్యాటలాగులో పక్కపక్కనే ఉంటాయి. డబుల్ స్ట్రాండ్ వస్తే ఈ పనికి చెల్లదు. సాఫ్ట్‌వేర్లో కూడా 7249, 7560, 8064 అని రకరకాల స్కాఫోల్డ్ వరసలు ఉంటాయి, కొన్న దానికి సరిపోయేదే ఎంచాలి. ట్యూబు ఐస్ ప్యాకులతో వస్తుంది, బరంపురం చేరేసరికి అవి కరిగి ఉండటం సాధారణం. హౌరా చెన్నై రైలు మార్గం మీద, జాతీయ రహదారి 16 మీద ఉన్న ఊరు కాబట్టి మనకు నయమే, రాయగడ, కోరాపుట్ వైపు ఇంకా ఆలస్యమవుతుంది. టీఈ బఫర్‌లో శుభ్రంగా ఉన్న డీఎన్‌ఏ ఒకటి రెండు రోజుల గది వేడికి పాడవదు. అనుమానం ఉంటే 1 మైక్రోలీటరు జెల్ (కరెంటుతో డీఎన్‌ఏని పొడవు, ఆకారాన్ని బట్టి వేరుచేసే పలక) మీద నడిపి చూడండి. ఒకే పదునైన గీత కనబడితే బాగున్నట్టు, కిందికి సాగిన మసక కనబడితే ముక్కలైనట్టు. సోమవారం పంపమని అడిగితే ఆదివారం గోదాములో పడి ఉండే బాధ తప్పుతుంది. మే నెల ఎండలు, అక్టోబర్ తుపాన్లు, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర రోజులు తప్పించుకుని ఆర్డర్ పెట్టడం మేలు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచింది. అలాంటి రోజుల్లో ఫ్రీజర్‌కు కరెంటు ఉండదు, ఎండు స్టేపుల్స్‌కు ఆ లోటు తెలియదు.

కలిపే లెక్క ఇది. 50 మైక్రోలీటర్లకు స్కాఫోల్డ్ 5, స్టేపుల్ మిశ్రమం 11.3, పది రెట్ల ట్రిస్ అసిటేట్ ఈడీటీఏ బఫర్ 5, 125 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 5, మిగతా 23.7 న్యూక్లియేజ్ లేని నీరు. ఇందులో స్కాఫోల్డ్ సుమారు 10 నానోమోలార్, ఒక్కో స్టేపుల్ 100 నానోమోలార్, మెగ్నీషియం 12.5 మిల్లీమోలార్. ఈడీటీఏ తనకు సమానమైన మెగ్నీషియాన్ని మింగేస్తుంది కాబట్టి నిజంగా పనికొచ్చేది 11 మిల్లీమోలార్ పైచిలుకే.

మెగ్నీషియం దగ్గరే ఎక్కువ ప్రయోగాలు చెడతాయి. డీఎన్‌ఏ పోగులకు రుణావేశం ఉంటుంది, పక్కపక్కన కూర్చోబెడితే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మెగ్నీషియం ఆ వికర్షణను తగ్గిస్తుంది. తక్కువైతే ఆకారం కూడదు, ఎక్కువైతే ఆకారాలన్నీ ముద్దగా పేరుకుంటాయి. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ గాలిలో తేమను పీల్చుకుని తడిసిపోయే లవణం. తీరానికి ఇంత దగ్గర ఊళ్లో, తెరిచి నెలలైన సీసాలోంచి తూచితే అందులో సగం నీళ్ల బరువే కావచ్చు. కొత్త సీసా తెరిచిన రోజే 100 మిల్లీలీటర్లకు 20.33 గ్రాముల లెక్కన 1 మోలార్ ద్రావణం చేసి పెట్టుకోండి, లేదా తయారుగా దొరికే 1 మోలార్ ద్రావణమే కొనండి. ఈ ఒక్క కొనుగోలుకు వెనకాడొద్దు.

ఏ డిజైన్‌కైనా మొదటి పని మెగ్నీషియం వరస పరీక్ష. 6, 8, 10, 12.5, 16, 20 మిల్లీమోలార్లతో ఆరు ట్యూబులు, ఒక్కోటి 20 మైక్రోలీటర్లు, స్కాఫోల్డ్ 5 నానోమోలార్ చాలు. ట్యూబుకు 1 మైక్రోలీటరు స్కాఫోల్డే పడుతుంది. అంత చిన్న పరిమాణం విడివిడిగా పైపెట్ చేస్తే తప్పు వస్తుంది, కాబట్టి ఏడు ట్యూబులకు సరిపడా మిశ్రమం ముందే కలిపి పంచండి.

ఒకే పొర ఆకారానికి పీసీఆర్ యంత్రంలో 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 20 డిగ్రీలకు దించితే చాలు, గంటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పలు పొరల త్రీడీ ఆకారాలకు అలా కుదరదు. 65 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత 60 నుంచి 40 దాకా గంటకు ఒక డిగ్రీ, మెగ్నీషియం 14 నుంచి 20 మిల్లీమోలార్. 20 గంటల పరుగు. మధ్యలో కరెంటు పోతే ట్యూబు ఒక్కసారిగా చల్లబడి, సగం మడతలు తప్పు చోట బిగిసిపోతాయి. ఆ ట్యూబును పారేయనక్కర్లేదు. తిరిగి 65కు తీసుకెళ్లి మొదటి నుంచి నడిపితే సరి. యూపీఎస్ పెట్టుకోగలిగితే మంచిది, యంత్రం వెనక రాసిన వాట్లకు ఒకటిన్నర రెట్ల సామర్థ్యం చూసుకోండి. ఇంకో దారి కూడా ఉంది. చాలా ఆకారాలు తమకు సరిపడే ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిమిషాల్లో మడత పడతాయని 2012లోనే చూపించారు. 45 నుంచి 60 డిగ్రీల మధ్య గ్రేడియంట్ పెట్టి ఆ ఉష్ణోగ్రతను ఒక్కసారి కనుక్కుంటే, తర్వాత ప్రతిసారీ ఒకటి రెండు గంటలు అక్కడే ఉంచి పని ముగించవచ్చు. కరెంటు నమ్మకం లేని చోట ఇదే మా సిఫారసు.

జెల్: 2 శాతం అగరోజ్, సగం గాఢత టీబీఈలో 11 మిల్లీమోలార్ మెగ్నీషియం కలిపి, జెల్‌లోనూ ట్రేలోనూ అదే బఫర్. 70 వోల్టుల మీద రెండున్నర మూడు గంటలు. మెగ్నీషియం వల్ల కరెంటు ఎక్కువ పారి బఫర్ వేడెక్కుతుంది, వేడెక్కితే మన ఆకారం జెల్ లోపలే విడిపోతుంది. ట్రేను ఐసులో పెట్టడం ఎండాకాలంలో తప్పనిసరి. ఐసు యంత్రం లేకపోతే చేపల మార్కెట్లో దొరికే ఐసు చాలు, బయటి టబ్బులో మాత్రమే. మొదటి లైనులో ల్యాడర్ (తెలిసిన పొడవుల డీఎన్‌ఏ ముక్కలు), రెండో దానిలో ఒంటరి స్కాఫోల్డ్, తర్వాత మీ ట్యూబులు. ఒంటరి స్కాఫోల్డ్ నుంచి స్థానం మారిన, పదునైన, ఒంటి గీత కావాలి. మసకగా సాగితే మెగ్నీషియం చాలలేదు. పైన ఇంకో గీత కనబడితే జంటలు కట్టాయి, అంచు టీల సంగతి చూడండి. వెల్‌లోనే ఇరుక్కుంటే మెగ్నీషియం ఎక్కువైంది. అడుగున మెరిసేది మిగిలిపోయిన స్టేపుల్స్, అది ఉండాల్సిందే.

ఆ మిగులు తీసేయడానికి 100 కిలోడాల్టన్ ఫిల్టర్లు అమ్ముతారు, బాగానే పనిచేస్తాయి, ఖరీదు. పీఈజీ (పాలిథిలీన్ గ్లైకాల్) చవక. 15 శాతం పీఈజీ 8000, 500 మిల్లీమోలార్ ఉప్పు ఉన్న ద్రావణాన్ని నమూనాకు సమానంగా కలిపి, 16,000 జీ మీద 25 నిమిషాలు తిప్పి, పైనున్నది తీసేసి, అడుగుదాన్ని 5 నుంచి 12 మిల్లీమోలార్ మెగ్నీషియం ఉన్న బఫర్‌లో కరిగించాలి. కాస్త పీఈజీ మిగులుతుంది, ఏఎఫ్ఎమ్ (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) చిత్రంలో అది కనబడితే ఫిల్టర్‌కు మారండి.

ఏఎఫ్ఎమ్ సొంతంగా లేనివాళ్లు కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో దగ్గరి పరికరం వెతికి బుక్ చేసుకోవచ్చు. నమూనాను గడ్డకట్టించకుండా 4 డిగ్రీల పెట్టెలో తీసుకెళ్లండి, మెగ్నీషియం బఫర్‌లో అది నిశ్చింతగా ప్రయాణిస్తుంది. ఫాస్ఫేట్ బఫర్‌లోకి మాత్రం మార్చొద్దు. తాజాగా టేపుతో పొర లేపిన మస్కోవైట్ అభ్రకం మీద 1 నుంచి 2 నానోమోలార్ నమూనా 5 మైక్రోలీటర్లు వేసి, మెగ్నీషియం బఫర్‌తో కప్పి ద్రవంలోనే చూడటం ఉత్తమం. గూడూరు అభ్రకం పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ, ఇక్కడ వాడేదీ ఆ జాతి ఖనిజమే. స్టేపుల్స్ మిగులు తీయకుండా తీసుకెళితే అభ్రకమంతా అవే కప్పేస్తాయి, బుక్ చేసుకున్న సమయం వృథా.

చివరగా స్కాఫోల్డ్ సొంతంగా పెంచుకోవడం. పదేపదే వాడబోయే ల్యాబు ఏదైనా ఇందులోకి దిగాల్సిందే. ఎఫ్ పైలస్ (ఎం13 పట్టుకునే తంతువు) ఉన్న ఈ. కోలై బ్యాక్టీరియా కావాలి, ఎక్స్‌ఎల్1 బ్లూ అయితే టెట్రాసైక్లిన్‌తో ఆ గుణం నిలుపుకోవచ్చు. 2వైటీ మాధ్యమంలో 5 మిల్లీమోలార్ మెగ్నీషియం, 37 డిగ్రీలు, గట్టిగా ఊపడం, ఫ్లాస్కులో పావు వంతే నింపడం. బ్యాక్టీరియా ద్రవం శోషణ 0.5 దగ్గర కణానికి ఒక ఫేజ్ (వైరస్) లెక్కన ఎం13 వేసి నాలుగైదు గంటలు పెంచండి. రాత్రంతా వదిలేస్తే కణాలు పగిలి వాటి డీఎన్‌ఏ కూడా కలిసిపోతుంది. బ్యాక్టీరియాను 4,000 జీ మీద రెండుసార్లు తిప్పి తీసేసి, పైనున్న ద్రవంలో లీటరుకు 40 గ్రాముల పీఈజీ 8000, 30 గ్రాముల ఉప్పు కలిపి, అరగంట ఐసులో ఉంచి, 5,000 జీ మీద ఫేజ్‌ను అడుగుకు దింపాలి. దాన్ని పెంచిన పరిమాణంలో వందో వంతు ట్రిస్ బఫర్‌లో కలిపి, రెండింతలు 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 1 శాతం ఎస్‌డీఎస్ ద్రావణం, ఆ తర్వాత ఒకటిన్నర ఇంతలు 3 మోలార్ పొటాషియం అసిటేట్ పోస్తే ప్రొటీన్ తెల్లగా విరుగుతుంది. పది నిమిషాలు ఐసులో ఉంచి తిప్పి, పై ద్రవానికి సమానంగా ఇథనాల్ పోసి డీఎన్‌ఏ దింపుకుని, 75 శాతం ఇథనాల్‌తో కడిగి ట్రిస్‌లో కరిగించండి. ఎస్‌డీఎస్ పోశాక గట్టిగా ఊపొద్దు, పోగు తెగుతుంది.

పంట లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఒక మిల్లీగ్రాము అంటే, ప్రయోగానికి 1.25 మైక్రోగ్రాముల లెక్కన 800 ప్రయోగాలు. మీరు తీసినది సరిగా ఉందో లేదో చెప్పేది కొన్న ట్యూబే. రెండిటినీ ఒకే జెల్‌లో పక్కపక్క లైన్లలో నడిపి, రెండిటితోనూ ఒకే స్టేపుల్ మిశ్రమం మడత పెట్టి పోల్చాలి. అందుకోసం కొన్న ట్యూబులో చివరి 6 మైక్రోలీటర్లు వాడకుండా, చిన్న ట్యూబులోకి తీసి మైనస్ 20లో దాచండి.